మోహన్ బగాన్‌ను ఓడించిన పోలీసు జట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో 1962 జకార్తా ఆసియా క్రీడల గురించి ఒక పాఠకురాలికి ఇచ్చిన జవాబులో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ వాక్యాన్ని పట్టుకుని చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ జట్టుకే కేటాయించాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఊళ్ల పేర్లు మాత్రం ఇచ్చాము.

ప్రశ్న: హైదరాబాద్ పోలీసులు కలకత్తా వెళ్లినా బొంబాయి వెళ్లినా కప్పుతోనే తిరిగి వచ్చేవారని మా తాతగారు చెప్పేవారు. మోహన్ బగాన్‌ను కూడా ఓడించారని అనేవారు. ఇందులో నిజమెంత? ఆ జట్టు ఎప్పుడు పుట్టింది, ఏమేమి గెలిచింది? (వరంగల్, కరీంనగర్)

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజమే. కలకత్తా మాట కొంచెం పక్కన పెడితే, బొంబాయి, ఢిల్లీల విషయంలో ఆయన మాటలో అతిశయోక్తి బహు తక్కువ.

ఆనాడు దేశవ్యాప్త లీగు అనేది లేదు. ఒక జట్టు గొప్పతనం తేలాలంటే పెద్ద ఆహ్వాన టోర్నమెంట్లలో నెగ్గాలి. వాటిలో ముఖ్యమైనవి మూడు. 1888లో సిమ్లాలో మొదలై, 1940లో ఢిల్లీకి మారిన డ్యూరాండ్ కప్పు ఒకటి. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పు రెండవది. కలకత్తాలోని ఐ.ఎఫ్.ఎ. (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్ మూడవది. మొదట్లో ఇవన్నీ బ్రిటిష్ సైనిక దళాల చేతుల్లోనే ఉండేవి. రోవర్స్ కప్పును ఒక భారతీయ జట్టు మొదటిసారి గెలిచినది 1937లో, అది బెంగుళూరు ముస్లిమ్స్. డ్యూరాండ్ కప్పు భారతీయుల చేతికి 1940లో వచ్చింది, గెలిచినది కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్. ఆ తరువాత యుద్ధం, దేశ విభజనల కారణంగా డ్యూరాండ్ పోటీలు ఆగిపోయి 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలయ్యాయి. అలా మళ్లీ మొదలైన పోటీల్లో మొదటి విజేత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. ఫైనల్లో ఎదురుపడినది కలకత్తా జట్టు మోహన్ బగాన్. తొలి ఆట 2–2తో తేలకుండా ముగిసింది, మళ్లీ ఆడించిన ఆటలో పోలీసులు 1–0తో నెగ్గారు.

అదే ఏడాది రోవర్స్ కప్పు కూడా వారిదే. ఆ ఏడాదే కాదు, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ వచ్చింది. ఆ టోర్నమెంటు చరిత్రలో మరే జట్టూ ఈ పని చేయలేకపోయింది. 1954లోనూ, 1957లోనూ మళ్లీ రోవర్స్, డ్యూరాండ్ రెండూ కలిసి వచ్చాయి. 1957 డ్యూరాండ్ ఫైనల్లో ఓడినది ఈస్ట్ బెంగాల్. అంటే కలకత్తాలో ఒకరికొకరు బద్ధశత్రువులైన రెండు జట్లనూ ఢిల్లీలో ఓడించి వచ్చిన ఘనత వీరికుంది.

పుట్టుక సంగతికి వస్తే, ఈ జట్టు ఎదిగినది నిజాం పాలన చివరి దశాబ్దంలో. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడి స్థానిక పోటీలకు ఒక క్రమం తెచ్చింది. సిటీ పోలీస్ పేరు రాష్ట్రం బయట మారుమోగినది మాత్రం 1943లో, బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్పు ఫైనల్‌తో. అక్కడ వారు ఓడించినది రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును. యుద్ధకాలంలో ఉద్యోగరీత్యా భారతదేశంలో ఉన్న డెనిస్ కాంప్టన్ ఆ జట్టులో ఆడాడు. ఇంగ్లండ్ క్రికెట్‌లో పేరుమోసిన బ్యాట్స్‌మన్, లండన్‌లో ఆర్సెనల్ తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి, హైదరాబాద్ కానిస్టేబుళ్ల చేతిలో ఓడి మైదానం దిగాడు. పాత ఆటగాళ్ల నోట ఈ కథ దశాబ్దాల పాటు వినిపించింది, వారు దాన్ని అంతగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: వీరు నిజంగా పోలీసులేనా, లేక పేరుకు మాత్రమే పోలీసులా? (నిజామాబాద్)

జవాబు: పోలీసులే. జీతం, యూనిఫారం, సర్వీసు రిజిస్టరు అన్నీ ఉన్న ఉద్యోగులు. అయితే వారిని ఉద్యోగంలోకి తీసుకున్న కారణం బంతి ఆట, ఆ సంగతి శాఖలో అందరికీ తెలుసు.

ఇందులో వింత ఏమీ లేదు. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడినందుకు బహిరంగంగా డబ్బు తీసుకునే వీలు మన దేశంలో లేదు, ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే అమెచ్యూర్ అయి తీరాలి. కాబట్టి ఆటగాణ్ణి పోషించాలంటే అతనికి ఒక కొలువు చూపాలి. కలకత్తాలో ఆ పని క్లబ్బుల పెద్దలు తెరవెనుక చేసేవారు. సైన్యంలో రెజిమెంటు చేసేది. హైదరాబాద్‌లో పోలీసు శాఖ చేసింది. పాతబస్తీ సందుల్లోనో, సికింద్రాబాద్ బస్తీల్లోనో పుట్టి, చదువు అంతంతమాత్రంగా సాగిన ఇరవై ఏళ్ల కుర్రవాడికి కానిస్టేబుల్ కొలువు అంటే నెల తిరిగేసరికి చేతికి వచ్చే జీతం, ముసలితనంలో పింఛను, పెళ్లి సంబంధాల్లో ఒక మర్యాద. ఆట బాగా ఆడితే జమాదారు, ఆపై ఇన్‌స్పెక్టరు కావచ్చుననే ఆశ కూడా ఉండేది. ఆ కుర్రవాడు ప్రాణం పెట్టి ఆడకపోతే ఆశ్చర్యపడాలి.

ఇక్కడే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే చివరి ప్రశ్నలకు జవాబు దీని మీదే ఆధారపడి ఉంది. మోహన్ బగాన్‌కు సభ్యులున్నారు, ఎన్నికైన కార్యవర్గం ఉంది, సొంత గుడారం, సొంత మైదానం ఉన్నాయి. సిటీ పోలీస్‌కు ఇవేవీ లేవు. ఊరి జనం ఈ జట్టును తమదనుకున్నారు, మైదానానికి వేలల్లో వచ్చారు, కాని కాగితం మీద అది ఒక ప్రభుత్వ శాఖకు చెందిన క్రీడా విభాగం, అంతే.

ప్రశ్న: రహీం సాబ్ బడిపంతులని విన్నాము. బడిపంతులు పోలీసు జట్టుకు శిక్షకుడెలా అయ్యారు? ఆయన శిక్షణలో ప్రత్యేకత ఏమిటి? (హైదరాబాద్, విజయవాడ, గుంటూరు)

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నవే, కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన బడుల్లో ఉన్నాయి. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత చేపట్టారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ శిక్షణ భారం తీసుకుని, 1963లో కన్నుమూసే వరకు వదలలేదు. అదే కాలంలో భారత జట్టుకు కూడా ఆయనే గురువు. కాబట్టి 'పంతులు ఎలా అయ్యారు' అని అడగడం కన్నా, పంతులు కావడం వల్లనే అయ్యారేమో చూడటం మేలు. ఆయన ఆటగాళ్లకు పాఠం చెప్పారు, అభ్యాసం ఇచ్చారు, పరీక్ష పెట్టారు.

ఆ పరీక్షల స్వరూపం చూడండి. మన కుర్రవాళ్లకు బంతి దొరికితే వదలబుద్ధి కాదు, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ పోవడంలోనే గొప్పతనం ఉందనుకుంటారు. ప్రేక్షకులు కూడా దానికే చప్పట్లు కొడతారు. రహీం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందుకున్నవాడు దానితో పరుగు తీయడానికి వీల్లేదు, వెంటనే మరొకరికి అందించాలి. ఈ ఒక్క నియమంతో ఆట రూపమే మారిపోతుంది. బంతి వచ్చేలోపే దానిని ఎవరికి పంపాలో చూసి ఉంచుకోవాలి. అంతకంటే ముఖ్యం, బంతి లేని తొమ్మిదిమంది కూడా ఖాళీ చోటు వెతుక్కుంటూ కదులుతూ ఉండాలి, లేకపోతే బంతి ఉన్నవాడు చిక్కుకుపోతాడు. బద్ధకస్తుడు రెండు నిమిషాల్లో బయటపడిపోతాడు. అలాగే బలహీనమైన కాలితో ఆడే టోర్నమెంట్లు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే కొట్టాలి. కొత్తలో మైదానం నిండా నవ్వులాటగా ఉండేదేమో కాని, ఒక సీజను గడిచేసరికి ఎదుటి బ్యాక్‌కు, అంటే రక్షణ ఆటగాడికి, ఈ ఆటగాడు ఏ వైపు తిరుగుతాడో అంచనా దొరకని పరిస్థితి వస్తుంది. చిన్న స్థలంలో తక్కువమందితో ఆడించే ఆటలు కూడా ఆయన పద్ధతిలో భాగం. ఈనాటి శిక్షణ శిబిరాల్లో ఒక తాకుడు, రెండు తాకుళ్ల అభ్యాసాలని చేయించేవి ఇవే. ఖర్చు లేని పద్ధతులు కూడా. బంతి, మైదానం, విజిల్ పట్టుకున్న ఒక మనిషి ఉంటే చాలు.

రెండవ ప్రత్యేకత వ్యూహం. బ్రిటిష్ సైనికుల దగ్గర నేర్చుకున్న మన జట్లు చాలాకాలం వెనుక ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు అనే పాత అమరికనే పట్టుకు వేళ్లాడాయి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10–1తో చిత్తుగా ఓడినప్పుడు ఆ జట్టు గురువు రహీమే. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినది హంగరీ. సెంటర్ ఫార్వర్డ్ ముందుండి గోల్ కోసం కాచుకునే బదులు వెనక్కి జరిగి ఆట నడిపించే హంగరీ పద్ధతి, ముగ్గురు బ్యాకులతో రక్షణ, ఆపై 4–2–4 అమరిక (వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు), వీటిని రహీం మన ఆటలోకి తెచ్చారు. అలాంటి కొత్త పద్ధతులను భారత జట్టు మీద ప్రయోగించడానికి ఏడాదికి కొన్ని వారాలే దొరుకుతాయి. పోలీసు జట్టు మాత్రం ఏడాది పొడవునా చేతిలో ఉంటుంది. అదే ఆయన ప్రయోగశాల అని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో పరీక్షించినది మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ ఫలించింది.

ఫలితాలు మీకు తెలిసినవే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1–0తో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై 4–2 విజయం, చివరికి నాలుగవ స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1–1. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాపై 2–1తో మళ్లీ స్వర్ణం. ఆ జకార్తా పోటీల్లోనే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీం అతనిని ఇంటికి పంపకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు, అతను ఫైనల్లో గోల్ చేశాడు. శిక్షకుడికి అప్పటికే క్యాన్సర్. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న ఆయన హైదరాబాద్‌లో మరణించారు.

ప్రశ్న: తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్, వీరంతా ఈ జట్టువారేనా? తెలుగువారు ఎవరైనా ఉన్నారా? (సికింద్రాబాద్, రాజమండ్రి)

జవాబు: ఇక్కడ కొంత గందరగోళం ఉంది. జంటనగరాల ఆటగాళ్లందరినీ పోలీసు జట్టు ఖాతాలో వేయడం పరిపాటి అయింది.

1956 మెల్‌బోర్న్ జట్టును చూస్తే పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అబ్దుల్ సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం కనబడతారు. ఒకే ఊరి నుంచి ఇంతమంది ఒలింపిక్స్‌కు వెళ్లారు. అయితే వీరందరూ సిటీ పోలీస్‌వారు కారు. గోల్‌కీపర్ తంగరాజ్ సికింద్రాబాద్ బస్తీ క్లబ్బుల్లో ఆడి సైన్యంలోకి వెళ్లాడు, పేరు తెచ్చుకున్నది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున. బలరాం కూడా సికింద్రాబాద్ వాడే, రహీం కంటపడి వెలుగులోకి వచ్చాడు, కాని అతని ఆటకు పండుగ కాలం 1957 తరువాత ఈస్ట్ బెంగాల్‌లో గడిచింది. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు పత్రికలు ఆయనను కలకత్తా ఆటగాడిగానే ఎక్కువ రాశాయి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మాత్రం అసలైన పోలీసు జట్టు మనుషులు. యూసుఫ్ ఖాన్ కూడా అంతే. రోమ్ ఒలింపిక్స్‌కూ జకార్తాకూ వెళ్లి వచ్చి, 1966లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఇంటిభాష లెక్క చూస్తే వీరిలో ఎక్కువమందిది ఉర్దూ. తరువాతి స్థానం సికింద్రాబాద్ కంటోన్మెంటులో స్థిరపడిన తమిళ కుటుంబాల పిల్లలది. దీనికి కారణం ఊరి భూగోళంలో ఉంది. బొల్లారం, తిరుమలగిరి వైపు బ్రిటిష్ దళాలు ఉండటం వల్ల బంతి ఆట మొదట కంటోన్మెంటులో పుట్టింది. చుట్టుపక్కల దళాలకు పనిచేసే కుటుంబాల పిల్లలు గట్టు మీద నిలబడి చూసి నేర్చుకున్నారు. పాతబస్తీ అంచున ఉన్న బార్కాస్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు నివసిస్తారు, వారి పిల్లలకు ఈనాటికీ ఫుట్‌బాల్ మీద మక్కువ పోలేదు. తెలుగు జిల్లాల్లో మాత్రం ఆ రోజుల్లో కబడ్డీకి, వాలీబాల్‌కు ఉన్న ఆదరణ దీనికి లేదు. ఆ లోటు తరువాతి పతనానికి కూడా ఒక కారణమే.

ప్రశ్న: వీరు బూట్లు లేకుండా ఆడేవారా? (ఏలూరు)

జవాబు: ఆ కాలపు భారతీయ ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో, మహా అయితే కాలికి గుడ్డపట్టీ చుట్టుకుని ఆడేవారు. హెల్సింకీ పరాభవం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఆ ఐదేళ్లలోనే ఈ మార్పు జరిగింది కనుక, పోలీసు జట్టు వట్టికాళ్ల యుగంలోనూ గెలిచింది, బూట్ల యుగంలోనూ గెలిచింది.

ప్రశ్న: కొన్నిచోట్ల 'హైదరాబాద్ సిటీ పోలీస్' అనీ, కొన్నిచోట్ల 'ఆంధ్రప్రదేశ్ పోలీస్' అనీ ఉంటుంది. ఇవి రెండు జట్లా? మొత్తం ఎన్ని కప్పులు? (విశాఖపట్నం)

జవాబు: ఒకటే జట్టు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా కొన్నాళ్లు పాత పేరుతోనే ఆడింది, 1957 విజయాలు ఆ పేరు మీదే ఉన్నాయి. 1960 రోవర్స్ కప్పు నాటికి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. రాష్ట్ర జట్టు విషయంలో కూడా ఇదే జరిగింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57లో, 1957–58లో గెలిచిన జట్టు రికార్డుల్లో 'హైదరాబాద్'గానే ఉంది, అప్పటికి ఆ పేరుతో రాష్ట్రం లేకపోయినా. 1965–66 నాటి విజయం 'ఆంధ్రప్రదేశ్' పేరు మీద ఉంది.

పోలీసు జట్టు కప్పుల లెక్క ఇది. రోవర్స్ తొమ్మిది: 1950 నుంచి 1954 వరకు ఐదు, తరువాత 1957, 1960, 1962, 1963. ఇందులో 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నది. డ్యూరాండ్ నాలుగు: 1950, 1954, 1957, 1961. ఈ చివరి డ్యూరాండ్ ఫైనల్లో కూడా ఓడినది మోహన్ బగానే, 1–0తో. రెండు పేర్లనూ రెండు జట్లుగా లెక్కించే పట్టికల్లో ఈ సంఖ్యలు విడిపోయి చిన్నవిగా కనబడతాయి, చదివేటప్పుడు గమనించగలరు.

ప్రశ్న: ఇంత గొప్ప జట్టు ఎప్పుడు, ఎందుకు పోయింది? ఎవరు మూసేశారు? (హైదరాబాద్, నల్గొండ, చెన్నై)

జవాబు: ఎవరూ మూయలేదు. రెండవ ప్రశ్నకు జవాబులో చెప్పినట్లు ఇది రిజిస్టరైన క్లబ్బు కాదు, శాఖలో ఒక విభాగం. క్లబ్బు మూతపడితే సర్వసభ్య సమావేశం జరుగుతుంది, ఆస్తుల పంపకం జరుగుతుంది, పత్రికల్లో వార్త వస్తుంది. శాఖలో జట్టు అలా పోదు. ఒక ఏడాది కొత్తవాళ్లను తీసుకోరు, మరో ఏడాది దూరపు టోర్నమెంటుకు పంపరు, వయసు మళ్లినవారు స్టేషన్లలో మామూలు విధులకు వెళతారు. పోలీసు శాఖల మధ్య జరిగే పోటీల్లో పాల్గొనే జట్లు తరువాత కూడా ఉన్నాయి, కాని బొంబాయిలో, ఢిల్లీలో కప్పు ఎత్తిన ఆ జట్టు కథ 1963తో ముగిసిందనే చెప్పాలి. ఆ ఏడాది రహీం పోయిన తరువాత కూడా వారు రోవర్స్ గెలిచారు, డ్యూరాండ్ ఫైనల్ వరకు వెళ్లి మోహన్ బగాన్ చేతిలో ఓడారు. ఆయన నేర్పిన కుర్రవాళ్ల కాళ్లలో చదువు ఇంకా మిగిలి ఉంది. ఆ తరం దాటిన తరువాత ఆ స్థాయి కప్పు ఒక్కటీ రాలేదు.

కారణాల్లో మొదటిది అందరూ చెప్పేదే, రహీం మరణం. కాని గురువు పోయినంత మాత్రాన జట్టు పోనక్కరలేదు. మోహన్ బగాన్‌లో ఎంతమంది శిక్షకులు రాలేదు, ఎంతమంది పోలేదు? పోలీసు జట్టులో శిక్షకుడు, ఆటగాళ్లను వెతికేవాడు, సంఘం కార్యదర్శి, వ్యూహకర్త అన్నీ ఒక్క మనిషే. జిల్లా లీగులో ఎవరు బాగా ఆడుతున్నారో సంఘం కార్యదర్శిగా ఆయనకు తెలుసు, వారిని పోలీసు కొలువులోకి తెచ్చే చనువు శిక్షకుడిగా ఆయనకు ఉంది, భారత జట్టులోకి తీసుకునే అధికారం కూడా ఆయన చేతిలోనే ఉంది. ఈ మూడూ ఒకరి చేతిలో ఉండటం ఎంత లాభమో, ఆ చేయి పడిపోయిన నాడు అంత నష్టం. తరువాత వచ్చినవారికి ఈ మూడింటిలో ఒకటే దక్కింది.

రెండవది కలకత్తా. కానిస్టేబుల్ కొలువు 1950లో పెద్ద ఆకర్షణే. పదిహేనేళ్లు గడిచేసరికి కలకత్తా క్లబ్బులు ఇచ్చే డబ్బు, అక్కడి ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో దొరికే ఉద్యోగాలు, లక్ష కళ్లు చూసే మైదానం, వీటి ముందు ఆ కొలువు వెలవెలబోయింది. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్, హబీబ్ ఆ జట్టులో ముఖ్యుడు. 1977 సెప్టెంబర్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2గా ముగించిన ఆటలో ఒక గోల్ హబీబ్‌దే, అతని తమ్ముడు అక్బర్ కూడా ఆ ఆటలో ఉన్నాడు. తరువాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే దారిలో నడిచారు. అంటే 1960లు, 70లలో హైదరాబాద్‌లో ఆటగాళ్లు పుట్టడం మానలేదు, హైదరాబాద్ తరఫున ఆడటం మానేశారు. ఈ తేడాను గుర్తించకుండా 'ఆట చచ్చిపోయింది' అని తేల్చేయడం పొరపాటు.

మూడవది మైదానాలు. ఫతే మైదాన్‌లో 1955లోనే భారత్, న్యూజిలాండ్‌ల మధ్య టెస్టు క్రికెట్ జరిగింది. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియం అయింది. క్రికెట్ పెరిగిన కొద్దీ బడిపిల్లలు అటు మళ్లారు, బస్తీల్లోని ఖాళీ స్థలాల్లో ఇళ్లు లేచాయి. సంఘంలోని తగాదాలు కూడా తమ వంతు చెరుపు చేశాయి. వాటి వివరాల్లోకి వెళితే ఈ శీర్షిక చాలదు.

ఇక 1996–97లో జాతీయ లీగు మొదలయ్యేసరికి ఆట నియమాలే మారిపోయాయి. విదేశీ ఆటగాళ్లను తెచ్చుకోవాలి, బదిలీలకు డబ్బు పెట్టాలి, స్పాన్సర్లను వెతకాలి. ఈ పనులు ఏ పోలీసు శాఖ చేయగలదు? కలకత్తా, గోవా క్లబ్బులు నిలబడ్డాయి. శాఖల జట్లు దేశమంతటా వెనకబడ్డాయి, మనదొక్కటే కాదు. రోవర్స్ కప్పు కూడా 2000–01 తరువాత జరగలేదు. 2014లో రాష్ట్రంతో పాటు పోలీసు శాఖ కూడా రెండుగా విడిపోయింది కాబట్టి, ఈనాడు ఎవరైనా ఆ పేరు మీద జట్టు పెడదామన్నా వారసులెవరన్న ప్రశ్నే ముందు వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్.సి.ని ఆ జట్టుకు వారసుడని అనవచ్చా? (హైదరాబాద్, డల్లాస్)

జవాబు: అనలేము. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో, ఎఫ్.సి. పుణే సిటీ స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన ఫ్రాంచైజీ. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ విజేత అయింది, చాలాకాలానికి ఊరికి వచ్చిన పెద్ద కప్పు అది. ఆపై ఆర్థిక ఇబ్బందుల్లో పడి, యాజమాన్యం చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పోలీసు జట్టు సొంతదారు ఎటూ వెళ్లలేని ప్రభుత్వ శాఖ కావడం వల్ల అది ఊళ్లోనే ఉండి మెల్లగా కరిగిపోయింది. ఈ జట్టు సొంతదారు వ్యాపారి కావడం వల్ల ఒక్క ప్రకటనతో ఊరు దాటింది. రెండు సందర్భాల్లోనూ జట్టు మీద ప్రేక్షకుడికి ఏ హక్కూ లేదు, ఆ పోలిక మాత్రం సరిపోతుంది. 2021–22 నుంచి ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి దక్కన్ క్లబ్బు గురించి కూడా డల్లాస్ పాఠకుడు అడిగారు. అది కొత్త యాజమాన్యం స్థాపించిన వేరే క్లబ్బు, దానికీ పోలీసు జట్టుకూ సంబంధం లేదు.